ఒక్క యూరోకే ఇల్లు నిజమే.. మరి వీసా? ఇటలీలోని మొలీజేలో ఇల్లు కొనాలంటే అసలు లెక్క ఇదీ!

ఇటలీలో ఒక్క యూరోకే ఇల్లు.. పైగా అక్కడికెళ్లి ఉంటే నెలకు 700 యూరోలు వాళ్లే ఇస్తారట! వాట్సాప్ గ్రూపుల్లో ఏడాదికోసారైనా చక్కర్లు కొట్టే కబురు ఇది. పూర్తిగా అబద్ధం కాదు. అలాగని పూర్తి నిజమూ కాదు. ఈ రెండు ఆఫర్ల వెనకా ఉన్న పేరు మొలీజే. ఇటలీ ప్రధాన భూభాగంలో, ఏడ్రియాటిక్ సముద్రం ఒడ్డున ఉన్న ఈ చిన్న ప్రాంతం గురించి ఇటలీవాళ్లే "మొలీజే అనేదే లేదు" అని జోకులేస్తుంటారు. అంత మరుగున పడిన ప్రాంతం కాబట్టే ఇళ్లు అంత చవక.

కానీ అక్కడ ఇల్లు దొరకడం ఒక ఎత్తు, ఆ ఇంట్లో ఉండే హక్కు దొరకడం ఇంకో ఎత్తు. మన పాస్‌పోర్టుతో వెళ్లేవారికి రెండోదే అసలు సమస్య. ఇల్లు కొన్నంత మాత్రాన ఇటలీ వీసా ఇవ్వదు. ఓనర్ అయినా సరే, షెంగెన్ టూరిస్ట్ వీసా మీద వెళ్తే 180 రోజుల్లో 90 రోజులు మించి ఉండటానికి లేదు.

అసలు మొలీజే ఎక్కడుంది?

రోమ్‌కు ఆగ్నేయంగా, నేపుల్స్‌కు పైన, అబ్రుజ్జోకూ పుల్యాకూ మధ్య ఉంటుంది. 1963లో అబ్రుజ్జో నుంచి విడిపోయి ఇటలీలో 20వ ప్రాంతంగా ఏర్పడింది. విడిపోయిన కొత్త రాష్ట్రం కథలు మనకూ తెలిసినవే. విస్తీర్ణం దాదాపు ఇప్పటి ఖమ్మం జిల్లా అంత. జనాభా మాత్రం 3 లక్షల లోపే. ఖమ్మం జిల్లాలో 2011 లెక్కల ప్రకారమే 14 లక్షల మంది ఉన్నారంటే తేడా అర్థం చేసుకోవచ్చు.

ఉన్నవి రెండే జిల్లాలు.. కాంపోబాసో, ఇసెర్నియా. ఊళ్లు 136. చాలా ఊళ్లలో వెయ్యి మంది కూడా లేరు. రాజధాని కాంపోబాసో సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తులో ఉంటుంది, జనాభా 50 వేల లోపు. సముద్రతీరం 35 కిలోమీటర్లే. తెర్మొలీ అక్కడి ప్రధాన రేవు పట్టణం. మిగతాదంతా కొండలు, గోధుమ చేలు, ఆలివ్ తోటలు, గొర్రెల దారులు.

గొర్రెల దారులంటే మామూలు దారులు కావు. చలికాలం మొదలయ్యే ముందు అబ్రుజ్జో కొండల నుంచి పుల్యా మైదానాలకు మందలను తోలుకెళ్లే వెడల్పాటి పచ్చిక బాటలు మొలీజే గుండానే పోతాయి. అందులో ఒక బాట సెపీనో దగ్గర రోమన్ల కాలం నాటి పట్టణ శిథిలాల మధ్య నుంచే సాగుతుంది. ఇలా మందలను తోలుకెళ్లే సంప్రదాయాన్ని 2019లో యునెస్కో గుర్తించింది. ఇక అన్యోనే ఊళ్లో చర్చి గంటలు పోతపోసే కార్ఖానా శతాబ్దాలుగా నడుస్తోంది. కొన్ని ఊళ్లలో పెద్దవాళ్లు ఇప్పటికీ ఇంట్లో క్రొయేషియన్, అల్బేనియన్ మూలాలున్న భాషలు మాట్లాడతారు. వాళ్ల పూర్వికులు దాదాపు 500 ఏళ్ల కిందట సముద్రం దాటి వచ్చినవాళ్లు. వలస వచ్చినవాళ్లు ఆ నేలకు కొత్తేం కాదన్నమాట.

ఒక్క యూరో, 700 యూరోలు.. ఏది నిజం?

2019లో మొలీజే ప్రాంతీయ ప్రభుత్వం ఒక పథకం ప్రకటించింది. 2,000 మంది కంటే తక్కువ జనాభా ఉన్న ఊరికి మకాం మార్చి, అక్కడ ఏదైనా వ్యాపారం మొదలుపెట్టేవారికి నెలకు 700 యూరోల చొప్పున మూడేళ్ల పాటు ఇస్తామంది. వార్తల్లో "ఉండటానికే జీతం" అని వచ్చింది. "వ్యాపారం" అన్న మాట చాలాచోట్ల ఎగిరిపోయింది. పైగా అది ఎప్పుడు పడితే అప్పుడు అప్లై చేసుకునే పథకం కాదు, వీసా ఇచ్చే పథకం అంతకన్నా కాదు.

ఒక్క యూరో ఇల్లు 2020లో కాస్త్రోపిన్యానో ఊళ్లో మొదలైంది. పాడుబడిన ఇళ్లను ఊరి మున్సిపాలిటీ ఒక యూరోకు ఇస్తుంది. తీసుకున్నవాళ్లు 2,000 యూరోలు గ్యారంటీగా కట్టాలి, మూడేళ్లలో ఇల్లు బాగు చేయించాలి. పని పూర్తయితే గ్యారంటీ వెనక్కిస్తారు. కప్పు కూలిన రాతి ఇంటిని మళ్లీ నిలబెట్టడానికి పదుల వేల యూరోలు అవుతాయి. అంటే ఒక్క యూరో అన్నది ధర కాదు, పిలుపు మాత్రమే.

నిజానికి ఈ ఆఫర్ల జోలికి పోకుండా మామూలుగా అమ్మకానికి ఉన్న ఇల్లు చూసుకోవడమే మేలు. లోపలి ఊళ్లలో 20 వేల నుంచి 40 వేల యూరోల ధరకు, కప్పూ కరెంటూ ఉన్న ఇళ్లు కనిపిస్తూనే ఉంటాయి. తెర్మొలీ వైపు, సముద్రం కనిపించే చోట ధరలు వేరు.

ముందు వీసా.. ఎవరికి ఏది?

పని చేయకుండా ఉండిపోవాలనుకునేవారికి 'ఎలెక్టివ్ రెసిడెన్సీ' వీసా ఉంది. ఒక్కరికి ఏడాదికి సుమారు 31 వేల యూరోల ఆదాయం చూపించాలి. యూరో వంద రూపాయలనుకుంటే 31 లక్షలు. భార్య లేదా భర్త తోడుంటే ఇంకో 20 శాతం కలపాలి. ఇక్కడే మెలిక.. ఆ ఆదాయం పెన్షన్, అద్దెలు, డివిడెండ్లు లాంటివాటి నుంచి క్రమంగా వచ్చేది కావాలి. జీతం లెక్కలోకి రాదు. బ్యాంకులో కోటి రూపాయల ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉందంటే సరిపోదు, దాని మీద వడ్డీ ఎంతన్నది చూస్తారు. మన దగ్గర రిటైరైన హెడ్మాస్టర్ పెన్షన్‌తో ఈ గీత దాటడం కష్టం. హైదరాబాద్‌లో నాలుగైదు ఫ్లాట్ల అద్దెలు వచ్చేవారికైతే సాధ్యమే. ఈ వీసాతో అక్కడ ఏ పనీ చేయకూడదు.. ఆన్‌లైన్ ఉద్యోగం కూడా.

సాఫ్ట్‌వేర్‌వాళ్ల కోసం 2024 ఏప్రిల్‌లో 'డిజిటల్ నోమాడ్' వీసా వచ్చింది. ఏడాదికి సుమారు 25 నుంచి 28 వేల యూరోల ఆదాయం, డిగ్రీ లేదా దానికి సమానమైన నైపుణ్యం, ఆరు నెలల రిమోట్ వర్క్ అనుభవం, ఆరోగ్య బీమా, ఉండటానికి చోటు.. ఇవీ షరతులు. ఆదాయం గీత చూస్తే హైటెక్ సిటీలో అనుభవమున్న ఇంజినీరుకు అందేదే. అయితే ఇటలీ నుంచి పని చేయడానికి కంపెనీ ఒప్పుకుంటూ రాతపూర్వకంగా ఇవ్వాలి. చాలామంది అక్కడే ఆగిపోతారు.

ఏ వీసా అయినా, ఇటలీలో దిగిన 8 పనిదినాల్లోపు నివాస అనుమతి పత్రానికి దరఖాస్తు చేయాలి. పోస్టాఫీసులో కిట్ ఇస్తారు, తర్వాత పోలీసు ఆఫీసులో వేలిముద్రలు. ఆ తర్వాత ఊరి మున్సిపాలిటీలో నివాసిగా పేరు నమోదు చేయించుకోవాలి. అప్పుడు మున్సిపల్ పోలీసు ఇంటికొచ్చి, నిజంగా ఉంటున్నారా లేదా అని చూసి వెళ్తాడు.

భారతీయులు అసలు కొనొచ్చా?

ఏజెంట్లు పెద్దగా చెప్పని సంగతి ఇది. యూరోపియన్ యూనియన్ బయటి దేశాలవాళ్లు, ఇటలీలో నివాసం లేనివాళ్లు అక్కడ ఆస్తి కొనాలంటే 'పరస్పరత' నియమం వర్తిస్తుంది. అంటే మన దేశంలో ఇటలీ పౌరుడికి అలాంటి హక్కు ఉంటేనే మనకూ అక్కడ ఉంటుంది. 1942 నాటి ఇటలీ సివిల్ కోడ్‌తో వచ్చిన నియమం ఇది. మన ఫెమా చట్టం చూస్తే, భారతీయ మూలాలు లేని, విదేశాల్లో ఉండే విదేశీయుడు ఇక్కడ ఇల్లు కొనడానికి లేదు. ఐదేళ్లు మించని లీజు మాత్రం తీసుకోవచ్చు. కాబట్టి హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కూర్చుని మొలీజేలో ఇల్లు కొంటామంటే ఈ ప్రశ్న నేరుగా ఎదురవుతుంది.

ఇటలీలో ఉద్యోగం, వ్యాపారం, కుటుంబం లాంటి కారణాలతో చెల్లుబాటయ్యే నివాస అనుమతి ఉన్నవారికి ఈ నియమం అడ్డు రాదు. పెన్షన్ మీద, అద్దెల మీద వెళ్లేవాళ్లు మాత్రం తమ అనుమతి ఆ కోవలోకి వస్తుందా అని విడిగా అడిగి తెలుసుకోవాలి. ఎవరిని? నొతాయోని. ఇటలీలో రిజిస్ట్రేషన్ చేసే ప్రభుత్వ గుర్తింపు పొందిన న్యాయాధికారి ఆయన. ఒక్క యూరో అడ్వాన్స్ ఇవ్వకముందే ఆయన దగ్గర్నుంచి రాతపూర్వకంగా జవాబు తీసుకోవాలి. అమెరికా పౌరసత్వం ఉన్న తెలుగువాళ్ల సంగతి వేరు. ఇక్కడ చూసేది పాస్‌పోర్టునే తప్ప పుట్టిన ఊరిని కాదు. అమెరికన్లు అక్కడ ఇళ్లు కొంటూనే ఉన్నారు.

ఇందులో తమాషా ఏంటంటే.. వీసాకు "ఉండటానికి ఇల్లు చూపించు" అంటారు. ఇల్లు కొందామంటే "నివాస అనుమతి ఉందా" అంటారు. ఈ ముడి విప్పే దారి అద్దె. రిజిస్టర్ చేసిన అద్దె ఒప్పందం వీసాకు పనికొస్తుంది. ఒక ఏడాది అద్దెకుంటే ఇంకో లాభం కూడా ఉంది.. అక్కడి చలికాలం చూడొచ్చు. వేసవిలో ఆలివ్ చెట్ల కింద ఫొటోలు చూసి కొన్నవాళ్లకు జనవరి కనిపించదు. మొలీజే కొండల మీదున్న కాప్రకొత్తా ఊళ్లో 2015 మార్చిలో 18 గంటల్లో 256 సెంటీమీటర్ల మంచు పడిందని అప్పట్లో ప్రపంచమంతా వార్తలొచ్చాయి. అన్ని ఊళ్లూ అలా ఉండవు కానీ, రాతి ఇంటిని వేడిగా ఉంచడానికి కట్టెలకో, పెల్లెట్లకో చలికాలమంతా ఖర్చు తప్పదు.

కాగితాలు.. ఎనిమిది మంది వారసులు

కొనడానికి మొదట కావాల్సింది ఇటలీ పన్ను నంబరు, 'కోడిచే ఫిస్కాలే'. మన పాన్ లాంటిది. అది లేకుండా ఏ సంతకం చెల్లదు. ఆ తర్వాత మొదటి ఆఫర్ కాగితం, దాని తర్వాత 'కొంప్రొమెస్సో' అనే ప్రాథమిక ఒప్పందం. మన అగ్రిమెంట్ ఆఫ్ సేల్ అనుకోవచ్చు. అప్పుడు ధరలో 10 నుంచి 20 శాతం బయానా ఇస్తారు. కొనేవాడు వెనక్కి తగ్గితే బయానా పోతుంది. అమ్మేవాడు వెనక్కి తగ్గితే రెట్టింపు తిరిగివ్వాలి. చివరగా నొతాయో ముందు రిజిస్ట్రేషన్.

నొతాయో కనీసం 20 ఏళ్ల యాజమాన్య చరిత్ర, తాకట్లు చూస్తాడు. ఈ విషయంలో మన సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు కంటే కొనేవాడికి రక్షణ ఎక్కువ. అయితే ఆయన ఇంటికెళ్లి గోడలు కొలవడు. వెనకాల కట్టిన వంటగదికి పర్మిషన్ ఉందా, రికార్డుల్లో ఉన్న ప్లానూ నిజంగా ఉన్న ఇల్లూ ఒకటేనా అన్నది చూడాల్సింది 'జియోమెత్ర' అనే సర్వేయర్. ఆయనను కొనేవాడే పెట్టుకోవాలి, అమ్మేవాడి మనిషిని నమ్మకూడదు. రికార్డుకూ ఇంటికీ తేడా ఉంటే రిజిస్ట్రేషనే ఆగిపోతుంది.

మొలీజేలో అన్నింటికంటే పెద్ద చిక్కు వారసులతో. గత శతాబ్దంలో ఊళ్లకు ఊళ్లే కెనడా, అర్జెంటీనా, అమెరికా, ఆస్ట్రేలియాలకు వలసపోయాయి. మాంట్రియల్‌లో మొలీజేవాళ్ల సంఖ్య పెద్దదే. ముత్తాత ఇల్లు ఇప్పుడు ఎనిమిది మంది పేర్ల మీద ఉంటుంది. ఇద్దరు ఊళ్లో, ముగ్గురు మాంట్రియల్‌లో, ఒకరు బ్యూనస్ ఎయిర్స్‌లో, మిగతా ఇద్దరు ఎక్కడున్నారో ఎవరికీ తెలియదు. ఎనిమిది మందీ సంతకం పెట్టాలి. ఉమ్మడి ఆస్తి తగాదాలు చూసిన తెలుగువాళ్లకు ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. ఇంటితో పాటు వ్యవసాయ భూమి కూడా ఉంటే ఇంకో సంగతి.. పక్క పొలం రైతుకు ముందుగా కొనే హక్కు ఉండొచ్చు. అతనికి నోటీసు ఇవ్వకుండా కొంటే తర్వాత కోర్టుకెళ్లి ఆ భూమిని అదే ధరకు తీసుకోగలడు.

కొనేవారికి ఇటాలియన్ రాకపోతే దస్తావేజు రెండు భాషల్లో ఉండాలి, దుభాషి కావాలి. ఆ ఖర్చూ కొనేవాడిదే.

లెక్క ఎంత తేలుతుంది?

ఒక ఉదాహరణ వేసుకుందాం. 90 చదరపు మీటర్ల పాత ఇల్లు, ధర 30 వేల యూరోలు. రిజిస్ట్రేషన్ పన్ను ఇంటి ధర మీద కాకుండా రికార్డు విలువ మీద వేస్తారు. అది 20 వేలు అనుకుందాం. ఆ ఊళ్లో స్థిరనివాసం ఉన్నవాళ్లకు, 18 నెలల్లోపు మకాం మార్చేవాళ్లకు మొదటి ఇల్లయితే 2 శాతం. రెండో ఇల్లుగా కొంటే 9 శాతం, అంటే 1,800 యూరోలు. ఎంత తక్కువైనా కనీసం 1,000 యూరోలు కట్టాల్సిందే. ఇంకో 100 యూరోలు చిల్లర పన్నులు. ఏజెంటుకు 3 శాతం, దాని మీద 22 శాతం వ్యాట్.. దాదాపు 1,100. నొతాయోకు 2,000, సర్వేయర్‌కు 1,000, దుభాషికి 400 వేసుకుంటే మొత్తం 36,400 యూరోల దగ్గర ఆగుతుంది.

బాగుచేతకు చదరపు మీటరుకు 1,000 యూరోలనుకుంటే 90 వేలు. వెరసి లక్షా 26 వేల యూరోలు. మన లెక్కలో కోటీ పాతిక లక్షల పైమాట. అంత డబ్బు పెడితే కూకట్‌పల్లిలోనే డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ వస్తుంది కదా అంటే.. వస్తుంది. కొండగాలి రాదు, అంతే.

పూర్తి ధర దస్తావేజులో రాయాలి, ఏ చెక్కుతో ఎంత ఇచ్చారో కూడా రాయాలి. కాస్త బ్లాక్, కాస్త వైట్ అనే అలవాటు అక్కడ చూపిస్తే ఇరుక్కుంటారు.

ఇక్కడి నుంచి డబ్బు పంపేది ఎలా?

రిజర్వ్ బ్యాంక్ ఎల్ఆర్ఎస్ కింద ఒక్కొక్కరు ఆర్థిక సంవత్సరానికి రెండున్నర లక్షల డాలర్ల దాకా పంపొచ్చు. విదేశాల్లో ఇల్లు కొనడానికి అనుమతి ఉంది. 2025 ఏప్రిల్ నుంచి 10 లక్షలు దాటిన మొత్తం మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్ పట్టుకుంటుంది. కోటీ 26 లక్షలు ఒక్కరే పంపితే 23 లక్షల 20 వేలు అదనంగా కట్టాలి. రిటర్నులో చూపించి తిరిగి తీసుకోవచ్చు కానీ, అప్పటిదాకా ఆ డబ్బు చేతిలో ఉండదు. భారత్‌లో నివాసిగా ఉన్నంతకాలం ఆ ఇంటిని ఏటా ఐటీ రిటర్నులో విదేశీ ఆస్తుల షెడ్యూల్‌లో చూపాలి. చూపకపోతే బ్లాక్ మనీ చట్టం కింద 10 లక్షల రూపాయల జరిమానా పడొచ్చు.

అక్కడ స్థిరపడితే కథ తిరగబడుతుంది. ఇటలీలో పన్ను నివాసి అయినవాళ్లు ప్రపంచంలో ఎక్కడ ఆదాయం ఉన్నా అక్కడ చూపాలి. మియాపూర్‌లో ప్లాటు ఉన్నా సరే, విదేశీ స్థిరాస్తి మీద ఏటా 1.06 శాతం పన్ను ఉంటుంది. 2024కు ముందు ఇది 0.76 శాతమే. దీనికి మినహాయింపు ఒకటుంది. విదేశీ పెన్షన్ అందుకుంటూ దక్షిణ ఇటలీలోని చిన్న ఊళ్లకు మారేవారికి విదేశీ ఆదాయమంతటి మీదా 7 శాతమే పన్ను, పదేళ్ల దాకా. ఈ విదేశీ ఆస్తి పన్నూ వాళ్లకు ఉండదు. 2019లో 20 వేల లోపు జనాభా ఉన్న ఊళ్లతో మొదలైన ఈ పథకంలో మొలీజే కూడా ఉంది. గత ఐదేళ్లలో ఇటలీలో పన్ను నివాసిగా ఉండి ఉండకూడదు.

భూకంపం సంగతి మరవద్దు

2002 అక్టోబర్ 31న మొలీజేలోని సాన్ జులియానో ది పుల్యా ఊళ్లో భూకంపానికి స్కూలు కూలి 27 మంది పిల్లలు, ఒక టీచర్ చనిపోయారు. ఊళ్లో మిగతా భవనాలు చాలావరకు నిలబడ్డాయి, స్కూలే కూలింది. పాత భవనం మీద తర్వాత ఇంకో అంతస్తు వేయడం విచారణలో పెద్ద అంశమైంది. అంతకు ముందు 1805లో ఇసెర్నియా, బొయానో వైపు వచ్చిన భూకంపంలో వేల మంది పోయారు. ఆ వైపు ఊళ్లు ఇప్పటికీ ఇటలీ భూకంప పటంలో ఎక్కువ ప్రమాదం ఉన్న జోన్‌లోనే ఉన్నాయి. అందుకే పాత రాతి ఇంటి మీద కాంక్రీట్ శ్లాబ్ వేసి ఉంటే, పైన గది కట్టి ఉంటే, స్ట్రక్చరల్ ఇంజినీర్ చూడకుండా బయానా ఇవ్వకూడదు. కొండచరియల బెడద కూడా ఉంది. గోడల మీద బొమ్మలతో పేరు తెచ్చుకున్న చివితాకాంపోమరానో ఊరిని 2017లో కొండచరియలు దెబ్బతీశాయి.

డాక్టర్, కారు, ఆ తర్వాత

మొలీజేలో విమానాశ్రయం లేదు. నేపుల్స్, పెస్కారా, రోమ్‌లకు వెళ్లాల్సిందే. మోటార్‌వే సముద్రతీరం వెంట మాత్రమే ఉంది. పెద్ద ఆస్పత్రులు కాంపోబాసో, ఇసెర్నియా, తెర్మొలీల్లో ఉన్నాయి. ప్రాంతీయ ఆరోగ్య శాఖ అప్పుల వల్ల ఏళ్ల తరబడి రోమ్ నియమించిన కమిషనర్ పర్యవేక్షణలో నడిచింది. పెన్షన్ మీద వెళ్లేవారు ప్రభుత్వ వైద్యంలో చేరాలంటే ఏడాదికి కనీసం 2,000 యూరోలు కట్టాలి. గుండె జబ్బో, డయాలిసిస్సో ఉన్నవాళ్లు ఆస్పత్రికి గంట దూరంలో ఉన్న ఊళ్లో ఇల్లు చూసుకోకపోవడం మంచిది.

కారు లేకుండా లోపలి ఊళ్లలో బతకడం కష్టం. మన డ్రైవింగ్ లైసెన్సు అక్కడ నివాసిగా నమోదైన ఏడాది వరకే చెల్లుతుంది. దాన్ని ఇటలీ లైసెన్సుగా మార్చుకునే ఒప్పందం రెండు దేశాల మధ్య లేదు. కొత్తగా పరీక్ష రాయాలి, అదీ ఇటాలియన్‌లో. అరవై ఏళ్ల వయసులో ఇల్లు కొని, ట్రాఫిక్ రూల్స్ కోసం భాష నేర్చుకోవాల్సి వస్తుందని ఎవరూ ముందు చెప్పరు.

ఐదేళ్లు చట్టబద్ధంగా ఉంటే దీర్ఘకాలిక నివాస అనుమతికి, పదేళ్లుంటే పౌరసత్వానికి దరఖాస్తు చేయొచ్చు. ఈ పదేళ్లను ఐదుకు తగ్గించాలని 2025 జూన్‌లో పెట్టిన రెఫరెండం తగినంత మంది ఓటు వేయక వీగిపోయింది. ఇటలీ పౌరసత్వం తీసుకుంటే భారత పౌరసత్వం వదులుకోవాలి, ఓసీఐ కార్డు తీసుకోవచ్చు.

అమ్మాలనుకున్నా ముందే తెలుసుకోవాల్సింది ఒకటుంది. కొన్న ఐదేళ్ల తర్వాత అమ్మితే వ్యక్తులకు సాధారణంగా ఇటలీలో లాభం మీద పన్ను ఉండదు. కానీ జనం తగ్గిపోతున్న ఊళ్లో కొనేవాడు దొరకడానికి ఏళ్లు పట్టొచ్చు. ఆ ఇళ్లు అంత చవకగా అమ్మకానికి ఉండటానికి కారణం కూడా అదే.